వార్త ముందా, అస్త్రము ముందా?

1962 అక్టోబరు 28, ఆదివారము. వాషింగ్టనులో ఉదయము, మాస్కోలో సాయంకాలము. ఆ వేళ మాస్కో రేడియోలో ఒక ఉత్తరమును చదువుట ప్రారంభించిరి. దానిని వ్రాసినది సోవియట్ ప్రధాని నికిటా క్రుశ్చేవ్. అందుకొనవలసినది అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నడీ. క్యూబా ద్వీపములో నెలకొల్పిన క్షిపణులను విప్పి తిరిగి రష్యాకు తరలించుటకు ఆజ్ఞ ఇచ్చితిమనుట ఆ ఉత్తరములోని ముఖ్యాంశము.

ఒక దేశాధిపతి మరియొక దేశాధిపతికి వ్రాసిన ఉత్తరమును లోకమంతయు వినునట్లు రేడియోలో చదివించుట ఎందులకని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. రాయబారులు లేరా? తంతి సౌకర్యము లేదా? అన్నియు ఉన్నవి. కాని వాటికి పట్టు వ్యవధి ఆనాడు లేకపోయెను. అంతకు రెండు దినములకు పూర్వము క్రుశ్చేవ్ పంపిన మరియొక దీర్ఘలేఖ మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయమునకు చేరి, ఆంగ్లములోనికి అనువదింపబడి, గూఢలిపిలోనికి మారి, తంతి మీదుగా వెళ్లి, వాషింగ్టనులో పూర్తిగా చేతికందుటకు సుమారు 12 గంటలు పట్టినది. ఒక ఖండమునుండి మరియొక ఖండమునకు అణ్వస్త్రమును మోసికొనిపోవు క్షిపణికి పట్టు కాలము సుమారు 30 నిమిషములు మాత్రమే.

ఉత్తరమునకు అర దినము. అస్త్రమునకు అర గంట. ఈ రెండు కాలములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, మహారాజ్యముల మధ్య యుద్ధభయము నేటికిని ఎక్కడ దాగియున్నదో మనకు బోధపడగలదు.

యుద్ధములు ఎందులకు వచ్చునని ప్రశ్నించినచో రాజ్యకాంక్ష, ధనాశ, పగ అని మనము సామాన్యముగా సమాధానము చెప్పెదము. అది చాలవరకు సత్యమే. 1939లో హిట్లరు పోలండుపై దండెత్తుట పొరపాటున జరిగిన పని కాదు. కోరి చేసిన పని. కాని మరియొక జాతి యుద్ధము కలదు. దానిని ఎవ్వరును పూర్తిగా కోరరు. ఒకరి కదలికను మరియొకరు అపార్థము చేసికొందురు. విచారించుటకు వ్యవధి ఉండదు. ఆగినవాడు ఓడిపోవునను భయము ఇరుపక్షముల వెన్నంటి తరుముచుండును. చివరకు ఎవ్వరి ఇష్టముతోను నిమిత్తము లేకయే సేనలు కదలిపోవును.

దీనికి 1914 నాటి ఐరోపాకంటె మంచి ఉదాహరణము లేదు. ఆ సంవత్సరము జూన్ 28న సరయేవో పట్టణములో ఆస్ట్రియా–హంగరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య చేయబడెను. జూలై 23న ఆస్ట్రియా సెర్బియాకు 48 గంటల గడువుతో కఠినమైన షరతులు పంపెను. జూలై 28న యుద్ధము ప్రకటించెను. ఆగస్టు 4వ తేది నాటికి జర్మనీ, రష్యా, ఫ్రాన్సు, బ్రిటను దేశములు కూడ యుద్ధములో దిగినవి. హత్య జరిగిన పిదప నాలుగు వారములు నింపాదిగా గడచినవి. ఐరోపా అంతయు అంటుకొనుటకు ఆ తరువాత ఒక్క వారము చాలెను.

ఇంత త్వరగా ఎట్లు జరిగినది? ఆనాటి సైన్యములు రైళ్లపై ఆధారపడినవి. లక్షలకొలది సైనికులను, గుఱ్ఱములను, ఫిరంగులను వేలకొలది రైళ్లలో సరిహద్దులకు చేర్పవలయును. ఏ రైలు ఏ వంతెనను ఏ నిమిషమున దాటవలయునో సేనాధిపతులు సంవత్సరముల తరబడి పట్టికలు వేసి ఉంచిరి. ఎదుటివానికంటె ఒకటి రెండు దినములు వెనుకబడినచో సర్వనాశనమని అందరును నమ్మిరి. కాబట్టి ఒకరు సేనలను సమీకరించుట ప్రారంభించినచో తక్కినవారికి ఆగుటకు వీలు లేకపోయెను.

జర్మనీ చక్రవర్తి విల్‌హెల్ముకును రష్యా చక్రవర్తి నికొలాసుకును బంధుత్వము కలదు. ఆ చివరి దినములలో వారిరువురును ముద్దుపేర్లతో పిలుచుకొనుచు ఆంగ్లములో తంతివార్తలు పంపుకొనిరి. జూలై 29 రాత్రి విల్‌హెల్ము పంపిన తంతిని చూచి నికొలాసు సంపూర్ణ సేనాసమీకరణపు ఉత్తరువును ఆపివేసెను. ఒక తంతివార్త ఒక రాత్రి పాటు అంత పెద్ద సైన్యమును నిలిపివేసినది. కాని మరునాడు, ఇంకను ఆలస్యము చేసినచో దేశమునకు ముప్పు తప్పదని మంత్రులు, సేనానులు నచ్చచెప్పగా ఆయన ఆ ఉత్తరువును తిరిగి ఇచ్చివేసెను. ఆగస్టు 1న విల్‌హెల్ము తన సేనలను పడమటికి పంపక తూర్పునకు మాత్రమే మరల్చవలసినదని కోరగా, ఆ మార్పు అసాధ్యమని ఆయన సేనాధిపతి మోల్ట్‌కే సమాధానమిచ్చెను. రైలు పట్టికను మార్చుటకు చక్రవర్తికే అధికారము లేకపోయెను!

ఆ యుద్ధము ఐరోపాతో ఆగలేదు. ఆంబోతుల పోరులో లేగల కాళ్లు విరిగినట్లు, కారణమైనను తెలియని దేశములు అందులో నలిగిపోయినవి. పది లక్షలకు పైగా భారత సైనికులు సముద్రములు దాటి పోరాడిరి. వారిలో 70 వేలకు పైగా మరణించిరి. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అను జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టెను. రెండవ ప్రపంచయుద్ధములో 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. మహారాజ్యముల మధ్య యుద్ధము ఎక్కడనో దూరమున జరుగునది కాదని తెలుగుతీరము రుచి చూచియే తెలిసికొన్నది.

ఇప్పుడు తిరిగి 1962కు వత్తము. ఆ సంవత్సరము వెలువడిన ఒక గ్రంథమును కెన్నడీ శ్రద్ధగా చదివియుండెను. అది 1914 ఆగస్టును గూర్చి బార్బరా టక్‌మన్ రచించిన చరిత్ర. పొరపాటు మీద పొరపాటు చేసి రాజ్యములు యుద్ధములో కూలిన విధము ఆయన మనస్సునకు హత్తుకొన్నది. తన కాలమును గూర్చి అటువంటి గ్రంథము వ్రాయవలసిన దుస్థితి రాకూడదని ఆయన తనవారితో అనుచుండెడివాడు.

అక్టోబరు 14న అమెరికా యు–2 విమానము క్యూబాపై ఎగురుచు తీసిన ఛాయాచిత్రములలో సోవియట్ క్షిపణి స్థావరములు కానవచ్చినవి. ఆ సంగతి 16వ తేదీన కెన్నడీకి తెలిసినది. అమెరికా తీరమునకు క్యూబా సుమారు 145 కిలోమీటర్ల దూరములో ఉన్నది. ఇంటి గుమ్మము ముందు శత్రువు అస్త్రము పెట్టెనని అమెరికా మండిపడినది. టర్కీలోను, ఇటలీలోను అమెరికా క్షిపణులు మా గుమ్మము ముందు ఉండలేదా అనునది రష్యా వాదము. అంతకు ముందటి సంవత్సరమే అమెరికా తోడ్పాటుతో క్యూబాపై ఒక దండయాత్ర జరిగి విఫలమైనది. మరల అట్టిది జరుగునను భయము క్యూబాకు కలదు. ఎవరి లెక్క ప్రకారము వారిదే ఆత్మరక్షణ. యుద్ధభయము పెరుగుటకు దుర్మార్గులే అక్కరలేదు. ఇరువురు భయస్థులున్నను చాలును.

అక్టోబరు 22న కెన్నడీ తన జాతి నుద్దేశించి ప్రసంగించి, క్యూబాకు ఆయుధములు తెచ్చు నౌకలను అడ్డగింతుమని ప్రకటించెను. ఆ దినములలో మన దేశములోని గృహములందు రేడియోల ముందు కూర్చున్నవారి మనస్సు వేరొకచోట ఉండినది. అక్టోబరు 20న చైనా సేనలు హిమాలయ సరిహద్దులను దాటి మనపై దాడి ప్రారంభించినవి. మన ఇంటికి నిప్పు అంటుకొన్న ఆ వారమే లోకమంతయు భస్మమగు ప్రమాదము ముంచుకొనివచ్చెను.

అక్టోబరు 27, శనివారము. ఆ ఒక్క దినమున జరిగిన నాలుగు సంగతులను పరిశీలింతము.

మొదటిది: ఆనాటి ఉదయము మాస్కో రేడియోలో క్రుశ్చేవ్ పేర మరియొక ఉత్తరము వెలువడినది. టర్కీలోని అమెరికా క్షిపణులను కూడ తొలగింపవలయునని అందులో క్రొత్త షరతు కలదు. ముందు వచ్చిన ఉత్తరము మెత్తనిది; ఇది కఠినమైనది. ఏది నిజమైన అభిప్రాయమో, మాస్కోలో అధికారము ఎవరి చేతిలో ఉన్నదో తెలియక కెన్నడీ సలహాదారులు తికమకపడిరి.

రెండవది: క్యూబాపై ఎగురుచుండిన యు–2 విమానమును నేలనుండి ప్రయోగించిన క్షిపణితో కూల్చిరి. చోదకుడు మేజర్ రుడాల్ఫ్ ఆండర్సన్ మరణించెను. కూల్చుటకు ఆజ్ఞ మాస్కోనుండి వచ్చినది కాదు. క్యూబాలోని సోవియట్ సేనానులు తామే నిర్ణయించుకొనిరి. కాని ఆ సంగతి వాషింగ్టనునకు ఎట్లు తెలియును?

మూడవది: మరియొక యు–2 విమానము ఉత్తరధ్రువము వైపు పోయి, ధ్రువప్రాంతపు వెలుగులలో నక్షత్రములు సరిగా కానరాక దారి తప్పి, సోవియట్ భూభాగముపైకి వెళ్లెను. దానిని అడ్డగించుటకు రష్యా విమానములు లేచినవి. కాపాడుటకు అలాస్కానుండి అమెరికా విమానములు లేచినవి. ఈ అమెరికా విమానములు మోయుచుండినవి అణుక్షిపణులు. అదృష్టవశమున ఇరువర్గములును ఎదురుపడలేదు.

నాలుగవది అన్నిటికంటె భయంకరమైనది. అది నలువది ఏండ్ల తరువాత, 2002లో హవానాలో జరిగిన ఒక సమావేశమున గాని లోకమునకు తెలియలేదు. క్యూబా సమీపమున బి–59 అను సోవియట్ జలాంతర్గామి నీటి అడుగున దాగియుండెను. దానిని పైకి రప్పించుటకు అమెరికా నౌకలు చిన్న ప్రేలుడు సామగ్రిని నీటిలో జారవిడుచుచుండెను. ఇవి హెచ్చరికలే గాని దాడి కాదని, ఇట్లు చేయుదుమని అమెరికా ముందుగనే మాస్కోకు తెలియజేసియుండెను. కాని ఆ మాట తమకు చేరలేదని జలాంతర్గాములలో ఉండినవారు పిమ్మట చెప్పిరి. లోపల భరింపరాని వేడి. గాలి చెడిపోయెను. మాస్కోతో సంబంధము తెగిపోయి చాలసేపయ్యెను. పైన యుద్ధము ప్రారంభమైనదేమోనని నాయకుడు సవిట్‌స్కీ తలచి, తమ వద్దనున్న అణుటార్పిడోను సిద్ధము చేయుమని ఆజ్ఞాపించెనని అందులో ఉండిన ఒక అధికారి తెలిపెను. ఆ నౌకలోనే ఉన్న మరియొక ఉన్నతాధికారి వసీలీ అర్ఖిపొవ్ ఆయనను శాంతింపజేసెను. జలాంతర్గామి పైకి తేలెను. యుద్ధము రాలేదు.

ఈ నాలుగింటిలో చివరి మూడింటిలో ఏ ఒక్కటియు కెన్నడీ గాని క్రుశ్చేవ్ గాని కోరి చేసినది కాదు. ఇరువురును యుద్ధమును తప్పించుటకే పాటుపడుచుండిరి. అయినను వారి మాట వారి సేనల కొసకు చేరులోపల ఆ కొసన ఏమైనను జరుగవచ్చును. అంతకంటె విచిత్రమేమనగా, క్యూబాలో చిన్నతరహా అణ్వస్త్రములు కూడ అప్పటికే సిద్ధముగా ఉన్నవను సంగతి అమెరికాకు తెలియదు. ఆనాటి అమెరికా రక్షణమంత్రి మెక్‌నమారా దానిని 1992లో గాని తెలిసికొనలేదు. సేనలను దింపి ఆ ద్వీపమును ఆక్రమింపవలయునని గట్టిగా సలహా ఇచ్చినవారు, ఆ సేనలు ఎట్టి అస్త్రమునకు ఎదురేగవలసియుండెనో ఎరుగరు.

ఆ శనివారము రాత్రి అధ్యక్షుని సోదరుడు రాబర్ట్ కెన్నడీ సోవియట్ రాయబారి డొబ్రీనిన్‌ను కలిసికొనెను. క్యూబాపై దండెత్తబోమని, టర్కీలోని క్షిపణులను కూడ కొలది నెలలలో తొలగింతుమని, కాని ఈ రెండవ మాట రహస్యముగా ఉండవలెనని చెప్పెను. ఈ మాట మాస్కోకు పోవలయును. ఎట్లు? ఆ కాలపు తంతి ఏర్పాటును డొబ్రీనిన్ తన స్మృతులలో వర్ణించియున్నాడు. రాయబార కార్యాలయమునకు ఒక ప్రైవేటు తంతి కంపెనీ కుఱ్ఱవాడు సైకిలు మీద వచ్చి కాగితము తీసికొనిపోవును. దారిలో ఏ పిల్లతోనో మాటలాడుచు నిలిచిపోకుండ తిన్నగా ఆఫీసుకు చేరవలయునని లోపలివారు దేవుని ప్రార్థింపవలసినదే! ప్రపంచము యొక్క భవితవ్యము ఒక సైకిలు చక్రము మీద తిరుగుచుండినదన్నమాట. అందుచేతనే మరునాడు క్రుశ్చేవ్ రాయబారులకై చూడక రేడియోను ఆశ్రయించెను.

గండము గడచిన తరువాత ఇరుపక్షములును గ్రహించిన మొదటి పాఠము ఇదే. 1963 జూన్ 20న జినీవాలో ఒక ఒప్పందము జరిగినది. వాషింగ్టను, మాస్కోల మధ్య నేరుగా వార్తలు పంపుకొనుటకు ఒక తంతిమార్గము ఏర్పడి, ఆగస్టు 30న పనిచేయ నారంభించెను. దీనికే హాట్‌లైన్ అని పేరు. చలనచిత్రములలో చూపునట్లు ఇది ఎఱ్ఱని టెలిఫోను కాదు. అది టెలిప్రింటరు. లండను, కోపెన్‌హేగన్, స్టాక్‌హోము, హెల్సింకీల మీదుగా తీగ వేసిరి. తీగ తెగినచో ఆధారముగా టాంజియర్ మీదుగా రేడియో మార్గమును ఏర్పరచిరి. ఎవరి భాషలో వారు వ్రాసి పంపవలయును, అందుకొన్నవారు అనువదించుకొనవలయును. కంఠస్వరము వినిపించు టెలిఫోనును ఎందులకు పెట్టలేదనగా, కోపములో జారిన మాటను తిరిగి తీసికొనలేము; తొందరలో చేసిన అనువాదము తప్పుదారి పట్టించును. వ్రాతలో ఆలోచనకు రెండు నిమిషములు చిక్కును. మాట వేగముగా చేరవలయును, మనస్సు మాత్రము నెమ్మదిగా పనిచేయవలయును. ఆ ఏర్పాటులోని వివేకము అంతయు ఇదే.

అది ఎట్లు ఉపకరించినదో 1967 జూన్‌లో తెలిసినది. అరబ్బులకును ఇజ్రాయిలుకును యుద్ధము జరుగుచుండగా లిబర్టీ అను అమెరికా నౌకపై దాడి జరిగెను. సహాయమునకై అమెరికా విమానములు లేచినవి. ఆ సముద్రములోనే సోవియట్ నౌకలు కూడ ఉన్నవి. ఈ విమానములు మా నౌకను కాపాడుటకే గాని యుద్ధములో చేరుటకు కావని వాషింగ్టను వెంటనే హాట్‌లైను మీద మాస్కోకు తెలిపెను. అయిదేండ్లకు ముందు జలాంతర్గామికి చేరని మాట వంటి మాట ఈసారి సకాలమున చేరినది.

దేశాధిపతుల మధ్య మార్గము ఏర్పడినది. కాని ప్రమాదము రూపము మార్చుకొన్నది. శత్రువు అస్త్రము బయలుదేరినదని తెలిపెడి పని యంత్రములది. యంత్రము అబద్ధము చెప్పినచో? 1979 నవంబరు 9న అమెరికా రక్షణ కేంద్రపు తెరలపై సోవియట్ క్షిపణులు గుంపులుగా వచ్చుచున్నట్లు కానవచ్చినది. విచారింపగా అది శిక్షణకొరకు సిద్ధపరచిన కల్పిత సమాచారము. పొరపాటున అసలు యంత్రములోనికి ప్రవేశించినది. 1980 జూన్ 3న మరల అట్టి హెచ్చరికయే వచ్చెను. ఈసారి కారణము 46 సెంట్ల వెల చేయు ఒక చిన్న ఎలక్ట్రానిక్ భాగము చెడిపోవుట!

1983 సెప్టెంబరు 26న మాస్కోకు దక్షిణముననున్న ఒక హెచ్చరిక కేంద్రములో స్తనిస్లావ్ పెత్రోవ్ అను అధికారి రాత్రి విధిలో ఉండెను. ఆ నెల ఒకటవ తేదీననే దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానమును సోవియట్ సైన్యము కూల్చగా 269 మంది మరణించియుండిరి. ఇరుపక్షముల మధ్య అనుమానము పరాకాష్ఠకు చేరియున్నది. అట్టి వేళ, అమెరికానుండి ఒక క్షిపణి బయలుదేరినదని ఉపగ్రహము తెలిపెను. పిమ్మట మరి నాలుగు. పెత్రోవ్ ఆలోచించెను. నిజముగా యుద్ధమే ప్రారంభింపదలచినవారు అయిదు క్షిపణులతో ప్రారంభింతురా? నేలపైని రాడారులేవియు దీనిని ధ్రువపరచుట లేదు. ఇది యంత్రపు లోపమని ఆయన పై అధికారులకు చెప్పెను. ఆయన ఊహ నిజమైనది. ఎత్తయిన మేఘములపై పడిన సూర్యకాంతిని ఉపగ్రహము క్షిపణుల మంటగా పొరబడెను.

1995 జనవరి 25న జరిగినది మన ప్రస్తావనకు మరింత దగ్గరది. ధ్రువకాంతులను పరిశోధించుటకు నార్వే తీరమునుండి శాస్త్రజ్ఞులు ఒక రాకెట్టును ప్రయోగించిరి. ఆ సంగతిని నార్వే ముందుగనే రష్యాతో సహా పలు దేశములకు వ్రాతమూలకముగా తెలియజేసెను. ఆ లేఖ రష్యాకు చేరెను. కాని రాడారు ముందు కూర్చున్నవారికి మాత్రము చేరలేదు. వారు ఆ రాకెట్టును జలాంతర్గామినుండి వచ్చిన క్షిపణిగా భావించిరి. అణ్వస్త్రములకు ఆజ్ఞ ఇచ్చెడి పెట్టె అధ్యక్షుడు యెల్‌త్సిన్ ముందుకు వచ్చెను. రాకెట్టు తమ దేశమునకు దూరముగా పోవుచున్నదని తేలువరకు ఆ నిమిషములు ఎట్లు గడచినవో ఊహించుకొనవలసినదే. అప్పటికి సోవియట్ రాజ్యము కూలి మూడేండ్లు గడచినది; ఇరుపక్షములకును పగ లేదు. పగ లేకపోయినను ప్రమాదము పోలేదు.

ఇచ్చట రెండు ఆక్షేపణలను విచారింపవలయును. మొదటిది, అణ్వస్త్రముల భయమే శాంతిని కాపాడినదను వాదము. 1945 తరువాత మహారాజ్యములు నేరుగా, సంపూర్ణముగా ఢీకొనలేదనుట సత్యమే. సర్వనాశన భీతి అందులకు ఒక కారణమగుట కూడ కాదనలేము. కాని పైని కథలను చూచినచో ఆ భయముతోపాటు అర్ఖిపొవ్ వంటివారి నిదానము, చాలవరకు అదృష్టము కూడ కలిసి ఆ పని చేసినవని ఒప్పుకొనక తప్పదు. అదృష్టమును ఏ సంధిపత్రములోను వ్రాసికొనలేము.

రెండవ ఆక్షేపణ మన నేలలో పుట్టినదే. రాయబారముతో యుద్ధము ఆగునా? తిరుపతి వేంకటకవుల నాటకము పుణ్యమా అని శ్రీకృష్ణ రాయబారము ఎరుగని తెలుగు పల్లె లేదు. అక్కడ మాట చేరకపోవుట అను లోపము లేనే లేదు. సాక్షాత్తు శ్రీకృష్ణుడే సభలో నిలిచి విస్పష్టముగా పలికెను, అందరును వినిరి. అయినను కురుక్షేత్రము తప్పలేదు. ఏలయనగా దుర్యోధనుడు యుద్ధమును కోరెను. కోరినవానిని మాట ఆపజాలదు. నేను చెప్పునది కోరని యుద్ధమును గూర్చి మాత్రమే. 1962లో ఇరుపక్షములందును దుర్యోధనుడు లేడు. అయినను కురుక్షేత్రము వాకిట నిలిచెను. అట్టి యుద్ధమునకు మాట ఒక్కటే మందు.

నేటి స్థితి ఏమి? 1986 ప్రాంతమున లోకములో సుమారు 70 వేల అణ్వస్త్రములు ఉండెడివి. ఇప్పుడు 12 వేలకు పైగా కలవు. తగ్గినమాట వాస్తవమే. కాని తగ్గించిన కట్టుబాట్లు ఒక్కొక్కటిగా తొలగిపోవుచున్నవి. మధ్యశ్రేణి క్షిపణులను నిషేధించిన 1987 నాటి సంధి 2019లో అంతమైనది. దీర్ఘశ్రేణి అస్త్రములను 1,550కి పరిమితము చేసిన 2010 నాటి అమెరికా–రష్యా సంధికి గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయినది. సంధి అనగా సంఖ్య మాత్రమే కాదు. ఒకరి స్థావరములను మరియొకరు చూచివచ్చుట, ఏ అస్త్రము ఎక్కడ ఉన్నదో ముందుగా తెలుపుకొనుట మొదలగు అలవాట్లు అందులో భాగము. అవి పోయినచో అనుమానము ఆ చోటును ఆక్రమించును.

అమెరికా, చైనాల మధ్య మరియొక లోపము కానవచ్చుచున్నది. అక్కడ మార్గము ఉన్నది, కాని ఒక్కొక్కవేళ అవతల ఎత్తువారు లేరు. 2001 ఏప్రిల్ 1న హైనాన్ ద్వీపము వద్ద ఇరుదేశముల విమానములు ఢీకొని చైనా చోదకుడు మరణించెను. ఆ దినమున అమెరికా రాయబారి చేసిన పిలుపులకు గంటల తరబడి జవాబు లేకపోయెను. 2023 ఫిబ్రవరిలో తమపై ఎగిరిన చైనా బెలూనును అమెరికా కూల్చినప్పుడు రక్షణమంత్రి మాటలాడగోరినను చైనా రక్షణమంత్రి అంగీకరింపలేదని అమెరికా ప్రకటించెను. అంతకు ముందు, 2022 ఆగస్టులో, తైవాను విషయమై వచ్చిన తగవులో సైనికాధికారుల సంభాషణలను చైనా నిలిపివేసియుండెను. 2023 నవంబరులో ఇరుదేశాధిపతులును కలిసికొని వాటిని పునరుద్ధరించుటకు సమ్మతించిరి. ఒకరు మాటలాడుటను శిక్షగా ఆపివేయుదురు. మరియొకరు దానినే కనీస అవసరముగా తలతురు. ఈ భేదము తీరనిదే తైవాను జలసంధిలో రెండు నౌకలు తాకినను ఏమగునో చెప్పలేము. 2024 నవంబరులో మాత్రము ఒక మంచి మాట కుదిరినది. అణ్వస్త్ర ప్రయోగమును నిర్ణయించు అధికారము మనుష్యుని చేతిలోనే ఉండవలయును, కృత్రిమ మేధకు అప్పగింపరాదని ఇరుదేశాధిపతులును లీమాలో అంగీకరించిరి. పెత్రోవ్ కథను విన్నవారికి ఆ మాట విలువ చెప్పనక్కరలేదు.

నిదానము ఫలించిన ఇటీవలి సంఘటన ఒకటి కలదు. 2022 నవంబరు 15న, ఉక్రెయిన్ యుద్ధము జరుగుచుండగా, పోలండులోని ఒక గ్రామములో క్షిపణి పడి ఇద్దరు మరణించిరి. పోలండు నాటో కూటమిలోనిది. దానిపై దాడి అమెరికాపై దాడితో సమానముగా ఎంచబడును. ఇది రష్యా క్షిపణియని మొదట వార్తలు వ్యాపించినవి. కాని అధికారులు తొందరపడక విచారించిరి. అది ఆత్మరక్షణకై ఉక్రెయిన్ ప్రయోగించిన క్షిపణి కావచ్చునని మరునాడు పోలండును నాటోయు ప్రకటించినవి. ఒక రాత్రి ఆగుట ఎంత మేలు చేసినది!

మన ఇరుగుపొరుగున కూడ ఈ నీతి వర్తించును. 2022 మార్చి 9న మన దేశమునుండి పొరపాటున ఒక క్షిపణి వెలువడి పాకిస్తానులో పడినది. ఎవరికిని ప్రాణాపాయము కలుగలేదు. సాంకేతిక లోపముచే జరిగినదని మన ప్రభుత్వము విచారము తెలిపెను. వెంటనే మాకేల తెలుపలేదని పాకిస్తాను ఆక్షేపించెను. 2025 మే 10న నాలుగు దినముల పోరు ఆగినది కూడ ఉభయ సైన్యముల కార్యకలాపాధిపతుల మధ్య సాగిన ఒక టెలిఫోను సంభాషణతోనే. మధ్యాహ్నము 3 గంటల 35 నిమిషములకు పాకిస్తాను అధికారి పిలిచెను. సాయంకాలము 5 గంటలకు కాల్పులు ఆపవలయునని నిశ్చయమైనది.

అంతకు మూడు దినములకు ముందు, మే 7న, హైదరాబాదులోను విశాఖపట్టణములోను పౌరరక్షణ అభ్యాసపు సైరనులు మ్రోగినవి. 1942లో బాంబుల ధ్వని విన్న ఆ ఊరే మరల చెవి నిక్కించి వినవలసివచ్చెను. ఆ రాత్రులలో పడిపోయిన నగరములను గూర్చియు, మునిగిన రేవులను గూర్చియు నిజము కాని వార్తలెన్నో ఇంటింటను తిరిగినవి. మేము వార్తాశాలలో పనిచేయువారము. అట్టి వార్త చేతికి వచ్చినప్పుడు మమ్ము మేము అడుగుకొను మొదటి ప్రశ్న ఒకటే: దీనిని ధ్రువపరచినది ఎవరు? సమాధానము లేనిదే మైకు ముందుకు పోరాదు. ముందుగా చెప్పితిమను కీర్తి పోయినను పోవును. పెత్రోవ్ ఆ రాత్రి వేసికొన్నది కూడ ఆ ప్రశ్నయే.

అణ్వస్త్రముల మీట శ్రోతల చేతిలో లేదు. కాని ప్రజల ఆగ్రహము ప్రభుత్వముల చేతులను తొందరపెట్టగలదు. ప్రజల నిదానము వాటికి వ్యవధిని ఈయగలదు. మరల ఎప్పుడైనను అట్టి రాత్రి వచ్చి, యుద్ధవార్త మీ ఇంటి తలుపు తట్టినయెడల, దానిని ప్రక్కింటికి పంపుటకు ముందు రేడియో వద్ద కొంతసేపు కూర్చుండి, ఆ వార్తను ధ్రువపరచినది ఎవరో తెలియువరకు వేచియుండుడు.